నవ్వుల పెళ్ళిలో నాలుగో ప్రశ్న

డిసెంబరు వచ్చిందంటే మా తిరువూరు చుట్టుపక్కల రెండు ఎదురుచూపులు మొదలవుతాయి. ఒకటి మామిడి తోటల్లో పూత కోసం. రెండోది అమెరికా నుంచి సెలవు మీద దిగే పెళ్ళికొడుకుల కోసం. పూత నిలుస్తుందో రాలుతుందో ముందే చెప్పలేనట్టే ఈ సంబంధాల సంగతీ చెప్పలేం. అబ్బాయికి ఉండేది మూడు వారాల సెలవు. ఆ మూడు వారాల్లోనే పెళ్ళిచూపులు, తాంబూలాలు, శుభలేఖలు, కల్యాణమండపం, వంటవాళ్ళు, వీసా కాగితాలు... అన్నీ అయిపోవాలి. 'ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు' అన్న పెద్దలు ఈ కాలపు అమెరికా పెళ్ళి చూసుంటే, ఇల్లు కట్టడమే తేలికని సామెతను సవరించి ఉండేవారు!

ఇంత హడావిడిలో నవ్వుకోవడానికి బోలెడంత సరుకుంటుంది. అందుకే అమెరికా తెలుగు కుటుంబాలు, పెళ్ళీడు పిల్లలు, పెద్దల పట్టుదలలు మన సినిమావాళ్ళకు మంచి హాస్యకథలయ్యాయి. ఈమధ్య మా చుట్టాలింట్లో ఒక అమెరికా సంబంధం మాటల్లో ఉండటంతో, అలాంటి సినిమాలు మూడింటిని నేను వరసపెట్టి మళ్ళీ చూశాను. జంధ్యాల తీసిన 'పడమటి సంధ్యారాగం' (1987), నగేష్ కుకునూర్ తీసిన 'హైదరాబాద్ బ్లూస్' (1998), శేఖర్ కమ్ముల తీసిన 'ఫిదా' (2017). మొదటిదానికీ చివరిదానికీ మధ్య ముప్ఫై ఏళ్ళు. మూడూ నవ్విస్తాయి. కానీ మూడూ కలిపి చూస్తే, మన ఇళ్ళలో పెళ్ళి మాట ఎక్కడ బయల్దేరి ఎక్కడిదాకా వచ్చిందో, ఇంకా ఎక్కడ ఆగిపోయిందో తెలుస్తుంది.

ఎవరిని చేసుకోవాలి?

'పడమటి సంధ్యారాగం' వచ్చేనాటికి నేను ఉయ్యాల్లో ఉన్నాను. తర్వాత టీవీలో ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. కథంతా దాదాపు అమెరికాలోనే నడుస్తుంది. విజయశాంతి సంధ్యగా, గుమ్మలూరి శాస్త్రి ఆమె తండ్రిగా నటించారు. పక్కింటి అమెరికా కుర్రాడు క్రిస్‌గా వేసిన టామ్ జేన్ అప్పటికి ఇరవై నిండని కొత్త నటుడు. తర్వాత థామస్ జేన్ పేరుతో హాలీవుడ్‌లో 'ది పనిషర్' (2004) వంటి సినిమాల్లో హీరో అయ్యాడు. డ్రమ్స్ శివమణి కూడా ఇందులో ఒక పాత్ర వేశాడు. సంగీతం ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం.

అమెరికాలో కాపురం పెట్టి, అమెరికా గాలి మాత్రం గుమ్మం దాటి లోపలికి రాకూడదనే తండ్రి కథ ఇది. ఆ గాలి రానే వస్తుంది. కూతురు పక్కింటి అబ్బాయిని ఇష్టపడుతుంది. తండ్రి వద్దంటాడు. చివరికి ఆమె అతన్నే పెళ్ళి చేసుకుంటుంది. చిన్నప్పుడు ఆ తండ్రిని చూసి పగలబడి నవ్వేదాన్ని. నాకూ ఒక కూతురు పుట్టి, అది నాకంటే పొడుగయ్యాక చూస్తే ఆయన కోపంలో నాకు భయమే ఎక్కువ కనిపిస్తోంది. తన భాష, తన తిండి, తన పూజ అన్నీ తనతోనే ఆగిపోతాయేమోనన్న భయం. దాన్ని భయమని ఒప్పుకోవడానికి నామోషీ. అందుకే దానికి సంప్రదాయం అని పేరు పెట్టుకున్నాడు.

జంధ్యాల చమత్కారం చూడండి. అదే 1987లో ఆయన 'అహ నా పెళ్ళంట' కూడా తీశారు. అందులో పెళ్ళికి అడ్డుపడే తండ్రి కోట శ్రీనివాసరావు వేసిన పిసినారి లక్ష్మీపతి. కోడిని పైనుంచి వేలాడదీసి, దాన్ని చూస్తూ ఉత్త అన్నం తినే ఆ పెద్దమనిషిని మన రాష్ట్రంలో ఎవరు మర్చిపోతారు! ఒక తండ్రి డబ్బు పోతుందని భయపడతాడు, ఇంకో తండ్రి సంస్కృతి పోతుందని భయపడతాడు. ఇద్దరి ముందూ పెళ్ళికూతురు ఒకే చోట నిలబడి ఉంటుంది... తండ్రి ఎప్పుడు ఒప్పుకుంటాడా అని.

ఆ తండ్రి వెనకాల నిజమైన చరిత్ర ఉంది. 1965లో అమెరికా తన వలస చట్టాన్ని మార్చింది. అంతకు ముందు మనలాంటి దేశాలవాళ్ళకు దాదాపు మూసేసి ఉన్న తలుపులు తెరుచుకున్నాయి. డాక్టర్లు, ఇంజనీర్లు, సైంటిస్టులు వెళ్ళారు. 1970ల్లో పిట్స్‌బర్గ్‌లో వెంకటేశ్వరస్వామికి గుడి కట్టుకున్నారు. 1977లో న్యూయార్క్‌లో మొదటి తెలుగు మహాసభ జరిగింది, తానా పుట్టింది. గుడి అయింది, సంఘం అయింది. ఇక మిగిలింది పిల్లల పెళ్ళిళ్ళు. ఆ మహాసభల్లో పాటలూ ఆటలతోపాటు పెళ్ళిసంబంధాల పరిచయ వేదికలు కూడా వచ్చాయి.

అలా వెళ్ళినవాళ్ళు తాము బయల్దేరిన రోజు నాటి ఊరిని గుండెల్లో దాచుకుని వెళ్ళారు. ఇక్కడ ఊరు మారింది. ఆడపిల్లలు హాస్టళ్ళలో చదువుకున్నారు, వేరే కులం అబ్బాయిని చేసుకున్న అమ్మాయిని ఏడాది తిరిగేసరికి సీమంతానికి పిలుచుకున్న ఇళ్ళు మా వీధిలోనే ఉన్నాయి. వాళ్ళ గడియారం మాత్రం విమానం ఎక్కిన రోజు దగ్గరే ఆగింది. ఒక్కోసారి తిరువూరులో ఉన్న తాతయ్య 'పోనీలేరా, పిల్ల ఇష్టపడింది కదా' అంటుంటే, న్యూజెర్సీలో ఉన్న కొడుకు ఒప్పుకోడు. అదీ విచిత్రం.

ఇది మనవాళ్ళొక్కరి బాధే కాదు. 2014లో 'మీట్ ది పటేల్స్' అని ఒక సినిమా వచ్చింది. రవి పటేల్, గీతా పటేల్ అనే తోబుట్టువులు తమ ఇంటి కథనే కెమెరాతో పట్టుకున్నారు. గుజరాతీ అమ్మానాన్నలు కొడుకు బయోడేటా పట్టుకుని దేశమంతా సంబంధాలు వెతుకుతుంటారు. కొడుకేమో తను ప్రేమించిన అమెరికా అమ్మాయి సంగతి ఇంట్లో చెప్పకుండా దాస్తాడు. 2022లో వచ్చిన 'వెడ్డింగ్ సీజన్'లో అయితే, పెద్దల పోరు పడలేక ఒక అమ్మాయీ అబ్బాయీ ప్రేమించుకుంటున్నట్టు నటిస్తూ పెళ్ళిళ్ళన్నీ తిరుగుతారు. గుజరాతీ అయినా తెలుగైనా, పిల్లలు పెద్దలకు నిజం చెప్పడానికి భయపడే ఇంట్లోనే ఈ హాస్యం పుడుతోంది. మనం నవ్వేది ఆ దాపరికాన్ని చూసి.

ఎలా చేసుకోవాలి?

'హైదరాబాద్ బ్లూస్' దగ్గరికి వచ్చేసరికి కథ తిరగబడింది. అమెరికా నుంచి అబ్బాయే ఇక్కడికి వచ్చాడు. పన్నెండేళ్ళ తర్వాత సెలవు మీద హైదరాబాద్ వచ్చిన వరుణ్‌కు ఇంట్లో పెళ్ళిగోల మొదలవుతుంది. ముక్కూ మొహం తెలియని అమ్మాయితో కాపురం ఎలా చేస్తారని అతని ప్రశ్న. మేమంతా చెయ్యలేదా అని పెద్దల జవాబు. ఈలోపు అతనే అశ్విని అనే డాక్టరమ్మ మీద మనసు పడతాడు.

ఈ సినిమా తీసిన నగేష్ కుకునూర్ స్వయంగా అలాంటి అబ్బాయే. ఉస్మానియాలో ఇంజనీరింగ్ చదివి, అమెరికాలో ఇంకో డిగ్రీ చేసి, అట్లాంటాలో ఉద్యోగం చేసి, ఆ సంపాదనతోనే సినిమా తీశాడు. 17 రోజుల్లో, 17 లక్షల రూపాయల్లో పూర్తిచేశాడని అప్పట్లో అందరూ చెప్పుకున్నారు. ఇంగ్లీషు, తెలుగు, హిందీ కలగలిపి, అచ్చం మన ఇళ్ళలో పిల్లలు మాట్లాడుకునేటట్టే ఉంటాయి మాటలు.

ఇందులో నాకు నచ్చిన సంగతి ఒకటుంది. పెద్దలు కుదిర్చిన పెళ్ళి తప్పని గానీ, ప్రేమ పెళ్ళే గొప్పదని గానీ తీర్పు చెప్పదు. అన్నీ తెలుసనుకుని వచ్చిన అబ్బాయికి తనకు తెలియనిదెంతుందో చూపిస్తుంది. అశ్విని ఇక్కడే ఉండి చదువుకుని, తన కాళ్ళమీద తను నిలబడ్డ మనిషి. అతను విమానం దిగాడని ఎగిరి గంతెయ్యదు. అమెరికా అన్న ఒక్క మాటకే మనం తలలూపుతున్న 1998లో ఆ అమ్మాయి నింపాదితనం నిజంగా ముచ్చటేస్తుంది.

ఎక్కడ బతకాలి?

ఇక 'ఫిదా'. తెలంగాణలోని బాన్సువాడలో తండ్రీ ఇద్దరు కూతుళ్ళు. పెద్దమ్మాయికి అమెరికా సంబంధం కుదురుతుంది. ఆ పెళ్ళికి వచ్చిన పెళ్ళికొడుకు తమ్ముడికీ పెళ్ళికూతురు చెల్లెలు భానుమతికీ మనసులు కలుస్తాయి, అపార్థాలు వస్తాయి. సాయిపల్లవి వేసిన ఆ భానుమతి ట్రాక్టరు నడుపుతుంది, నాన్నతో సమానంగా మాట్లాడుతుంది. తన ఊరన్నా నాన్నన్నా ప్రాణం. పెళ్ళయితే ఆడపిల్లే ఎందుకు వెళ్ళిపోవాలన్నది ఆమెను కాల్చేసే ప్రశ్న. చివరికి అబ్బాయే బాన్సువాడ వచ్చేస్తాడు.

మా ఊరి నుంచి నాలుగడుగులు అటు వేస్తే తెలంగాణే కాబట్టి ఆ మాటలు మాకు కొత్త కాదు. కొత్తగా అనిపించింది ఆ ముగింపు. సినిమా కాబట్టి అలా జరిగింది, నిజంగా ఏ అబ్బాయి వస్తాడు అన్నారు మా పక్కింటి పిన్నిగారు. వస్తాడా రాడా అన్నది తర్వాత సంగతి. మన కథల్లో ఒక అమ్మాయి ఆ ప్రశ్న గొంతెత్తి అడిగింది, జనం కుటుంబాలతో వెళ్ళి చప్పట్లు కొట్టారు. అది చిన్న విషయం కాదు.

చూశారా వరస! 1987లో ఎవరిని చేసుకోవాలన్నది ప్రశ్న. 1998లో ఎలా చేసుకోవాలన్నది. 2017కి ఎక్కడ బతకాలన్న దగ్గరికి వచ్చాం. నాలుగో ప్రశ్న ఇంకొకటుంది. అది పెళ్ళిచూపుల గదిలో కాఫీ కప్పుల చప్పుడులో కలిసిపోతోంది.

ఏం చేస్తూ బతకాలి?

మా ఆడపడుచు కూతురు బీటెక్ చదివి హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తోంది. దానికి డాలస్ నుంచి సంబంధం వచ్చింది. మంచి కుటుంబం, బుద్ధిమంతుడైన పిల్లాడు. వీడియో కాల్‌లో పెళ్ళిచూపులు అయ్యాయి. 'నువ్వేమైనా అడగాలా అమ్మా?' అని అబ్బాయి తల్లి మర్యాదకు అడిగారు. అలా అడిగినప్పుడు అమ్మాయి సిగ్గుపడుతూ తల అడ్డంగా ఊపడం మన ఆనవాయితీ. మా పిల్ల ఊపలేదు. 'నేను అక్కడికి వస్తే ఉద్యోగం చెయ్యడానికి వీలవుతుందా అండీ? మీ గ్రీన్‌కార్డు పని ఎంతవరకు వచ్చింది?' అనేసింది.

అంతే, మా ఆడపడుచు నాకు ఫోను. 'వదినా, కట్నం ఊసెత్తని సంబంధం. ఇది నోరు పారేసుకుని చెడగొడుతోంది. నువ్వంటే దానికి గురి కదా, కాస్త చెప్పు' అని ఒకటే ఏడుపు. ఆ వెనకే పిల్ల ఫోను. 'అత్తయ్యా, నేను తప్పేం అడిగాను? అయిదేళ్ళు కష్టపడి తెచ్చుకున్న ఉద్యోగం. మానేస్తే ఎన్నాళ్ళు మానెయ్యాలో తెలుసుకోవద్దా?' అంది.

దాని ప్రశ్న వెనక ఉన్న సంగతి మన తల్లులందరూ తెలుసుకోవాల్సింది. అమెరికాలో మన పిల్లలు ఎక్కువమంది ఉద్యోగాలు చేసేది హెచ్-1బి వీసా మీద. 1990 నాటి చట్టంతో వచ్చిన వీసా అది. వాళ్ళ భార్యకో భర్తకో ఇచ్చేది హెచ్-4. చాలా ఏళ్ళపాటు హెచ్-4 మీద వెళ్ళినవాళ్ళకు ఉద్యోగం చేసే హక్కే లేదు. ఎంటెక్‌లూ ఎంబీఏలూ చదివిన అమ్మాయిలు పగలంతా నాలుగు గోడల మధ్య కూర్చున్నారు. 2015 మే నెలలో వచ్చిన నిబంధన కొంత వెసులుబాటు ఇచ్చింది. భర్త గ్రీన్‌కార్డు దారిలో ఐ-140 అనే మెట్టు దాటి ఉంటే, భార్య పని అనుమతికి దరఖాస్తు చేసుకోవచ్చు. ఆ మెట్టు దాటకపోతే మాత్రం మామూలుగా ఆ వీలు లేదు. ఉద్యోగాల మీద ఇచ్చే గ్రీన్‌కార్డుల్లో ఏ ఒక్క దేశంవాళ్ళకూ ఏడాదికి సాధారణంగా 7 శాతానికి మించి ఇవ్వకూడదన్న లెక్క ఒకటుంది. మనవాళ్ళ వరస చాంతాడంత కావడానికి అదే కారణం. పైగా ఈ నియమాలు ఎప్పుడు ఎలా మారతాయో తెలియదు.

ఇప్పుడు చెప్పండి, ఆ పిల్ల అడిగింది పొగరుతోనా, తెలివితోనా?

రెండు రోజులు అటువైపు నుంచి చప్పుడు లేదు. మా ఆడపడుచు మొక్కని దేవుడు లేడు. మూడో రోజు అబ్బాయే నేరుగా పిల్లకు ఫోను చేశాడు. ఐ-140 ఇంకా రాలేదని, రెండు మూడేళ్ళు పట్టొచ్చని, ఆ సంగతి తనకు తోచనే లేదని చెప్పాడట. తన తల్లి కూడా అక్కడికి వెళ్ళిన కొత్తలో ఇంట్లోనే ఉండిపోయిందని, ఆమె ఏనాడూ దాని గురించి మాట్లాడలేదని కూడా చెప్పాడట. ఆ చివరి మాట విన్నప్పుడు నాకు ఆ పెద్దావిడ గొంతు గుర్తొచ్చింది. మర్యాదకే అడిగినా, ఆమెనెవరైనా అలా అడిగి ఉంటారా?

పిల్లలిద్దరూ రెండు నెలల గడువు అడిగారు. వారానికోసారి మాట్లాడుకుంటున్నారు. ఈ సంబంధం కుదురుతుందో లేదో నేను చెప్పలేను. కుదిరితే కళ్ళు తెరుచుకుని కుదురుతుంది. కుదరకపోతే పెళ్ళికి ముందే తప్పుతుంది. రెండూ మంచివే అని మా ఆడపడుచుకు చెప్పాను. ఇంకా అలకగానే ఉంది. తల్లి మనసు కదా, ఉంటుంది.

వెయ్యి అబద్ధాల సామెత

'వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యాలి' అన్నారు పూర్వం. అప్పట్లో పెళ్ళికూతురు వెళ్ళేది పక్క ఊరికి. అబద్ధం బయటపడితే సాయంత్రం బస్సుకు అన్నయ్య వెళ్ళి మాట్లాడేవాడు. ఇప్పుడు పిల్ల వెళ్ళేది ఏడు సముద్రాల అవతలికి. అక్కడ బయటపడిన అబద్ధానికి ఇక్కడి నుంచి ఏ బస్సుంది? అటు ఏడు తరాలూ ఇటు ఏడు తరాలూ చూసి చెయ్యమన్న మాట కూడా మనదే. తరాలు చూస్తున్నాం, కులం చూస్తున్నాం, గోత్రం చూస్తున్నాం, జీతం డాలర్లలో ఎంతో చూస్తున్నాం. వీసా ఏమిటో, ఉద్యోగం ఎక్కడో, ఇంతకుముందు పెళ్ళయిందో లేదో, అమ్మాయి చదువు అక్కడ ఎందుకు పనికొస్తుందో చూడటానికి మాత్రం మొహమాటం!

అబ్బాయి పనిచేసే ఊళ్ళో తెలిసినవాళ్ళ ద్వారా విచారించడం అవమానం కాదు. పెళ్ళయ్యాక రిజిస్ట్రేషన్ వాయిదా వేయొద్దు. మన రాష్ట్రంలో 2002లోనే వివాహాల తప్పనిసరి నమోదు చట్టం వచ్చింది. 2006లో సుప్రీంకోర్టు కూడా అన్ని పెళ్ళిళ్ళూ నమోదు కావాలంది. పాస్‌పోర్టు, చదువు సర్టిఫికెట్ల నకళ్ళు ఒక జత పుట్టింట్లో ఉంచుకోవాలి. కష్టం వస్తే ఫిర్యాదు చేసుకోవడానికి జాతీయ మహిళా కమిషన్‌లో 2009 నుంచి ప్రవాస భారతీయుల పెళ్ళిళ్ళ కోసమే ఒక విభాగం ఉంది. ఇవన్నీ అపశకునం మాటలనుకోవద్దు. వర్షం వస్తుందని గొడుగు పట్టుకెళ్ళం, వస్తే తడవకూడదని పట్టుకెళ్తాం.

అమెరికా సంబంధాలన్నీ చెడ్డవని నేను అనడం లేదు. మా ఊరి నుంచి వెళ్ళి హాయిగా బతుకుతున్న పిల్లలెందరో ఉన్నారు. అక్కడ తెలుగు మాట్లాడేవాళ్ళ సంఖ్య 2010 నుంచి 2017 లోపు 86 శాతం పెరిగిందంటే, ఎంతమంది మన ఆడపిల్లలు అక్కడ కాపురాలు పెట్టారో ఊహించుకోండి. వాళ్ళ వంటింట్లో గోంగూర పచ్చడి ఉంది. వాళ్ళ పిల్లల నోట తెలుగు ఉంది. 'పడమటి సంధ్యారాగం' తండ్రి భయపడినంతా జరగలేదు. ఆయన పోతుందనుకున్నదాన్ని నిలబెట్టింది చాలావరకు ఆ ఇళ్ళలోని ఆడవాళ్ళే. అందుకు బదులుగా వాళ్ళేం వదులుకున్నారో అడిగినవాళ్ళు తక్కువ.

మన హాస్య సినిమాల్లో తాళి కట్టగానే అక్షింతలు పడతాయి, అందరూ నవ్వుతారు, శుభం కార్డు వేస్తారు. నిజంగా కథ మొదలయ్యేది అక్కడే. సూట్‌కేసులు సర్దుకుని వెళ్ళిన అమ్మాయి, మంచు కురిసే ఊళ్ళో కిటికీ దగ్గర కూర్చుని, భర్త ఆఫీసు నుంచి వచ్చేదాకా ఏం చేస్తుంది? తన డిగ్రీ కాగితాలు ఏ బీరువాలో పెట్టుకుంటుంది? ఆ నాలుగో ప్రశ్న మీద ఎవరైనా ఒక మంచి నవ్వుల సినిమా తియ్యాలని నాకెంతో కోరిక. జంధ్యాల 2001లో వెళ్ళిపోయారు. ఉండి ఉంటే, అలక మానని మా ఆడపడుచునీ, తల ఊపని ఆమె కూతుర్నీ చూసి ఎంత బాగా నవ్వించేవారో!

సినిమా వచ్చేదాకా ఆగక్కర్లేదు. ఈ సెలవుల్లో మీ ఇంటికి అమెరికా సంబంధం వస్తే, జాతకాలు తిరగేసే ముందు అమ్మాయినీ అబ్బాయినీ తీరిగ్గా ఒక గంట కూర్చోబెట్టండి. మీ అమ్మాయి ఏదైనా అడగబోతుంటే కళ్ళతో గదమాయించకండి. సమాధానం చెప్పగలిగిన అబ్బాయైతే సంతోషంగా చెబుతాడు. ఆ ప్రశ్నకే పారిపోయే సంబంధమైతే, పారిపోనివ్వండి. ఏమంటారు?